గాలి గొట్టం

కరెంటు పోయింది. ట్యాంకు నోటి దగ్గర రొద పెడుతున్న గాలి ఫ్యాను ఆగిపోయింది.

"అల్లుడూ, బ్రష్షు అక్కడే పడేసి పైకి రా," అన్నాడు మేస్త్రి లోపలికి వంగి.

"ఒక్క మూలే మిగిలింది మామయ్యా. ముగించి వస్తా."

"ఫ్యాను ఆగింది. రమ్మన్నానా లేదా?"

అది భూమి కింద కొత్తగా కట్టిన నీళ్ల ట్యాంకు. లోపలి గోడలకు రంగు వేస్తున్నారు. మూసి ఉన్న చోట ఆ రంగు ఘాటు మనిషిని పడేస్తుందని మేస్త్రికి భయం. అందుకే బయటి గాలిని గొట్టం గుండా లోపలికి తోసే ఫ్యాను తిరగనిదే ఎవర్నీ దిగనివ్వడు. అల్లుడు సణుక్కుంటూ నిచ్చెనెక్కి వచ్చాడు.

అంతలో భవనం మేనేజరు ఊడిపడ్డాడు. "రేపు నీళ్లు నింపాలి. కాసేపటి పనికి ఇంత రాద్ధాంతమా మేస్త్రీ? మూత తీసే ఉందిగా."

"మూత తీసినంత మాత్రాన గాలి దానంతటదే కిందికి దిగిరాదు సార్."

"మరీ చాదస్తమయ్యా నీకు."

"ఉంటే ఉండనివ్వండి. దిగేవాడు నా కూతురి మొగుడు. రేపు దాని మొహం చూడాల్సింది నేను."

మేనేజరు ఎంత కస్సుబుస్సులాడినా మేస్త్రి ససేమిరా అన్నాడు. చివరికి మేనేజరే మెత్తబడి, పెట్రోలు జనరేటరు ఒకటి తెప్పించాడు. మేస్త్రి మొహం వెలిగిపోయింది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తనే దాన్ని ఫ్యాను పక్కన సర్ది, తనే వైరు కలిపి, తనే తాడు లాగి స్టార్ట్ చేశాడు. గొట్టం ఉబ్బింది.

"ఇప్పుడు దిగు. దర్జాగా పని చేసుకో."

"మామయ్య నన్ను చంటిపిల్లాణ్ణి చేసేశాడు," అని పనివాళ్లతో నవ్వుతూ అల్లుడు నిచ్చెన దిగాడు.

కాసేపు కింది నుంచి కూనిరాగం వినిపించింది. తర్వాత, "తల పగిలిపోతోంది మామయ్యా," అన్నాడు. ఆ పైన బ్రష్షు పడ్డ చప్పుడు. వెంటనే మనిషి పడ్డ చప్పుడు.

మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. నిచ్చెన వైపు ఉరికిన ఇద్దరు పనివాళ్లను రెక్క పట్టి వెనక్కి లాగాడు. "దిగారంటే మీరూ పోతారు. ఫైరింజనుకు ఫోన్ చెయ్యండి." పరుగున వెళ్లి ఫ్యాను వేగం పూర్తిగా పెంచాడు. అది చాలదనిపించి జనరేటరు జోరూ పెంచాడు. మళ్లీ వచ్చి ట్యాంకు నోటి దగ్గర బోర్లా పడుకున్నాడు.

"గాలి పంపుతున్నాను అల్లుడూ. పీల్చు. గట్టిగా పీల్చుకో నాయనా."

ఫైరింజను వాళ్లు వచ్చేదాకా అలా అరుస్తూనే ఉన్నాడు.

వాళ్లు వీపున సిలిండర్లు, మొహాలకు మాస్కులు తగిలించుకుని దిగారు. అల్లుణ్ణి పైకి తెచ్చి పడుకోబెట్టి గుండె మీద నొక్కారు. చాలాసేపు నొక్కారు. చివరికి వాళ్ల అధికారి లేచి తల అడ్డంగా ఊపాడు. ఇందాక నవ్వుతూ దిగినవాడు ఇప్పుడు లేడంటే నమ్మడమెలా?

మేస్త్రి ఒక్క ఉదుటున వెళ్లి మేనేజరు చొక్కా పట్టుకున్నాడు. "ఆ డబ్బాల్లో ఏం కలిపావు? చవక సరుకు తెచ్చి నా కూతురి గొంతు కోశావు."

"అందరూ వాడే రంగే మేస్త్రీ, ఒట్టు," అన్నాడు మేనేజరు.

అధికారి గాలి కొలిచే మీటరు తీసి ట్యాంకు నోటి దగ్గర పెట్టాడు. అది కీచుమంది. గొట్టం వెంబడే నడిచి మీటరును ఫ్యాను వెనక పెట్టాడు. అక్కడ ఇంకా గట్టిగా మోగింది. అతను వంగి జనరేటరు కట్టేశాడు.

"ఆయన్ని వదలవయ్యా. రంగు కాదు. ఈ జనరేటరు పొగనంతా ఫ్యాను లాగి లోపలికి తోసింది. దీన్ని ఫ్యాను పక్కన పెట్టిందెవరు?"