గొడుగు మీది కాగితం

షాంఘై వీధులన్నీ తిరిగి తిరిగి, పార్కులో బెంచీ కనపడగానే రుయిలాన్ బూట్లు విప్పేసింది. కూతురు యావెన్ గొడుగు తెరిచి తల్లి కాళ్ల ముందు నేలమీద పెట్టింది.

"ఎండ నెత్తిమీదుంటే గొడుగు కింద పెడతావేంటే?"

"అందరూ అలాగే పెట్టారు, చూడమ్మా."

నిజమే. దారి పొడవునా గొడుగులు. వాటి మీద కాగితాలు, వెనక తల్లులూ తండ్రులూ.

నెరిసిన జుట్టు పెద్దాయనొకడు ఆగాడు. "అబ్బాయా, అమ్మాయా?"

రుయిలాన్‌కి అప్పుడు వెలిగింది. పెళ్లి సంబంధాల సంత! ముప్పై రెండేళ్ల పిల్ల తనంతట తనే ఇక్కడికొచ్చింది!

"అమ్మాయండీ! బంగారం. వంటొక్కటే రాదు."

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని గొడుగు అవతలి వైపు కాగితం మీదికి వంగాడు. "యాభై తొమ్మిదేళ్లా?"

"ముప్పై రెండండీ!"

"రిటైరైన లెక్కల టీచరు. భర్త పోయి ఎనిమిదేళ్లు. డాన్సంటే ప్రాణం. ఒక్కతే కూర్చుని తినడం ఇష్టముండదు, కానీ ఆ మాట ఎవరికీ చెప్పదు."

రుయిలాన్ గిరుక్కున తిరిగింది. యావెన్ ఆకాశంలోకి చూస్తోంది.

"సిగ్గులేదుటే నీకు!"

"అమ్మాయని నువ్వే అన్నావుగా!"

పెద్దాయన మాత్రం కదల్లేదు. కాగితం మళ్లీ మొదటినుంచీ చదువుతున్నాడు, నింపాదిగా.

"మీరెవరికి చూస్తున్నారు బాబాయ్‌గారూ?" అంది యావెన్.

"మావాడికే వచ్చాను," అన్నాడాయన. "వాడు ఆగుతాడులే."

రుయిలాన్ గబగబా బూట్లు తొడుక్కుంది. లేచి వెళ్లిపోతుందేమోనని యావెన్ హడలిపోయింది. ఆవిడ గొడుగు చుట్టూ తిరిగొచ్చి, కాగితం ఆసాంతం చదివి, చెయ్యి చాపింది.

"పెన్ను తే. ఎత్తు రెండు సెంటీమీటర్లు తగ్గించేశావు!"