నాడె మీద సవారీ

కంప్యూటర్ ఆటలో ఈశ్వరి చేసిన నాడె, మగ్గంలో అటూ ఇటూ అడ్డనూలు మోసే ఆ పడవలాంటి కర్ర, కదిలింది. ఊరికే కదలడం కాదు, దాని మీద నిలబడ్డ బొమ్మను కూడా మోసుకుపోయింది.

పద్మజకు కడుపు మండిపోయింది. తన ఆటలో బస్సూ కదులుతుంది. ఇక్కడి నుంచి అక్కడికి, ఇన్ని సెకన్లలో అని స్క్రిప్ట్ రాస్తే చక్కగా పోతుంది. ఎక్కిన బొమ్మ మాత్రం ఎక్కినచోటే ఉండిపోయి దబ్బున కిందపడుతుంది.

ఇద్దరూ తోడికోడళ్ళు. ధర్మవరంలో ఒకే ఇంట్లో చెరో మగ్గం. కంప్యూటర్లో ఆటలు తయారుచేయడం నేర్పిస్తున్నారంటే ముందు చేరింది పద్మజే. తోడుంటుందని ఈశ్వరిని వెంటబెట్టుకుపోయింది. ఇప్పుడు ఆ బుద్ధితక్కువ పనికి తనను తానే తిట్టుకుంటోంది.

అక్కడ నేర్పే హరినాథ్ సార్ పోటీ పెట్టాడు. పది రోజుల్లో ఎవరి ఆట ఎక్కువసార్లు తెరుచుకుంటే వాళ్ళకే కొత్త బ్యాచ్‌కు పాఠం చెప్పే ఉద్యోగం. పద్మజకు అది కావాలి. పదిహేనేళ్ళు మగ్గం గుంతలో కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి.

ఆ నాడె మనిషిని ఎట్లా మోస్తోంది? అడగొచ్చు. చిన్నదాన్ని అడిగితే తన పెద్దరికం ఏం కావాలి! ఫోన్లో ఆ ఆట తెరిచింది. ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరగానే ఆట అయిపోయింది. ఏమీ అంతుపట్టలేదు. మళ్ళీ తెరిచింది. ఒక్క తప్పు దొరికినా సార్‌కు చెప్పేద్దామనుకుంది. పప్పు మాడుతోందని అత్త తిప్పమ్మ కేకేసినా తల ఎత్తలేదు.

నాలుగో రోజు లెక్క చూసుకుంది. తన బస్సుకు ముప్పై. నాడెకు నూట పది. ఏడో రోజుకు నాడె రెండు వందలు దాటింది.

“ఏముందప్పా దాంట్లో, జనం ఇట్లా ఎగబడతాండారు?” అని గొణుక్కుంది. అదేమిటో తేల్చుకుందామని ఆ పూటంతా మగ్గం వదిలేసి నాడె ఎక్కుతూ దిగుతూ ఉంది.

పదో రోజు ఉద్యోగం ఈశ్వరికే వచ్చింది. ఇంటికి రాగానే ఆమె వంగి పద్మజ కాళ్ళకు మొక్కింది. ఎగతాళేమోనని పద్మజ వెనక్కి జరిగింది.

“ఊరందరినీ నీ పక్కకు తిప్పుకున్నావు. నాకెందుకు మొక్కుతావు?” అంది.

ఈశ్వరి కళ్ళు తుడుచుకుంది.

“ఆట తెరిచినోళ్ళ పేర్లు సార్ చూపించినాడక్కా, మూడొందల పన్నెండు సార్లలో మూడొందలు నువ్వే ఎక్కినావు.”