కోపం బొమ్మ

"మనస్వినీ, ఎముకలతో ఆటలాడుతున్నావా?"

హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో సైన్స్ చెప్పే దివాకర్ సార్ అరుపు నా వీఆర్ కళ్లద్దాల్లో మోగింది. మా నల్గొండ జిల్లా బడికి ఆ కళ్లద్దాలు కొత్తగా వచ్చాయి. అవి పెట్టుకుని, గాల్లో తేలే ఎముకలను జోడించి, ఒక ముసలామె అస్థిపంజరాన్ని నిలబెట్టాలి. క్లాసులో అందరికంటే ముందు నిలబెట్టింది నేనే.

"వెన్నును విల్లులా వంచావేంటి? మోకాళ్లు ఒకదానికొకటి ఎందుకు ఆనించావు?"

"గట్లనే ఉంటయి సార్. మా అవ్వ గట్లనే నడుస్తది."

"అవ్వ కథలు నాకొద్దు. నీకు సున్నా. మళ్లీ నిటారుగా పెట్టు."

నాకు ఒళ్లు మండిపోయింది. "జర మా వాడకట్టుకు వచ్చి చూడున్రి సార్! నిటారుగ నిలబడే ముసలామెను ఒక్కదాన్ని చూపెట్టున్రి!"

సార్ నా మైకు ఆపేశాడు.

పాఠం అయ్యాక కళ్లద్దాలు రోజూ అడిగినట్టే అడిగాయి: "ఇప్పుడు నీ మనసెలా ఉంది?" ఎదురుగా నవ్వే బొమ్మ, ఏడ్చే బొమ్మ, కోపం బొమ్మ. కోపం బొమ్మను వేలితో పొడిచాను.

చెవిలో ఒక మెత్తని గొంతు పలికింది. "నీ కోపం మాకు అర్థమైంది. గట్టిగా ఊపిరి తీసుకో. ఒక గ్లాసు నీళ్లు తాగు."

కళ్లద్దాలు పీకేశాను. బెంచీ మీద నా నీళ్ల సీసా ఉంది. మా ఊరికి నల్లా రాక నాలుగు రోజులైంది. ఎముకలను వంచే ఫ్లోరైడు ఉంది తాగొద్దని ఎర్ర రంగు పూసిన బోరింగు దగ్గర, పొద్దున అవ్వే ఆ సీసా నింపి ఇచ్చింది.