మూడు గంటల వెలుగు

"లోపల కందిరీగలు గూడు కట్టినయి కాకా. జీపు నడుపుతున్నవా, వీటిని పెంచుతున్నవా?"

సత్తుపల్లి బస్టాండు వెనుక తన షెడ్డులో కూర్చుని, మెకానిక్ కోటేషు ఒక హెడ్‌లైటులోని ఎండిన మట్టిని స్క్రూడ్రైవరుతో గీకుతున్నాడు. ఎదుటి బెంచీ మీద దూలయ్య ఖాళీ గోనెసంచిని మోకాళ్లపై మడిచి పెట్టుకున్నాడు. అడవి అంచునున్న తన ఊరి నుండి రెండు బస్సులు మారి, జీపు హెడ్‌లైట్లు రెండింటినీ ఆ సంచిలోనే తెచ్చాడు.

"నవ్వుడు తర్వాత. బాగైతయా, కావా?"

"అద్దం రుద్దితే తెల్లబడుద్ది. వెనక రిఫ్లెక్టరే తుప్పు పట్టింది, అది మార్చాలె. పాత బల్బులు తీసి హాలోజన్ వేస్తా. జీపునే తేవాల్సింది, ఇక్కడే బిగించేవాణ్ణి."

"అది ఊరు దాటదు."

"కాయితాల్లేవా?"

"అవ్. ఒక్కటి గూడ లేదు."

కోటేషు నవ్వుకున్నాడు. పోలీసులకు జంకి పొలిమేర దాటని జీపులు అతనికి కొత్త కాదు.

"మరి ఇంత జల్దీ ఏంది కాకా?"

దూలయ్య గొంతు తగ్గింది.

"వచ్చే నెల పదో తరగతి పరీక్షలు. పోయినేడు మా ఊరి పిల్లలు ఆరుగురు తప్పిండ్రు. ఈ గుడ్డి లైట్లతోనే తప్పిండ్రు. నా మనుమరాలు పుష్పలత అందుల ఒకతి. ఈసారి గూడ తప్పితే బడి మాట ఎత్తొద్దు, మిరపకాయలు ఏరనీకి రావాలె అని వాళ్లమ్మ తేల్చి చెప్పింది."

కోటేషు చేతులు ఆగిపోయాయి. తెల్లవారకముందే అడవి దారిన బయలుదేరి, వాగుల దగ్గర తడుముకుంటూ, పరీక్షా కేంద్రం గేటు మూసిన తరువాత చేరిన ఆరుగురు పిల్లలు అతని మనసులో మెదిలారు.

"మంచి లైట్లు వేస్తా కాకా. అర కిలోమీటరు అవతల కుందేలు నిలబడ్డా కనపడుద్ది."

"అంత దూరం వద్దు. దగ్గర్నే పడాలె. వెడల్పుగ పడాలె."

"అడవిల దూరం కనపడకుంటే ఎట్ల? దున్నపోతుకు గుద్దినంక బ్రేకు వేస్తవా?"

"ముప్పై ఏండ్లు జీపు నడిపిన. నా జీపుకు ఏం కావాలెనో నాకు తెల్వదా? బ్యాటరీ మీద మూడు గంటలు ఆగుతయా, అది చెప్పు."

"బండి తిరుగుతుంటే బ్యాటరీ దానంతటదే నిండుద్ది. నీకెందుకా రంధి?"

"అడిగిందానికి చెప్పరాదు?"

"ఆగుతయి. తక్కువ వాట్ల బల్బులు వేస్తే ఇంకా ఎక్కువే ఆగుతయి."

"గవే వెయ్యి."

ఇంతటి మొండి మనిషితో వాదించి ప్రయోజనం లేదని కోటేషు గ్రహించాడు. అయినా, వెలుగు ఎక్కడ పడుతున్నదీ బండికి బిగించాకనే సరిచూడాలి. అందువల్ల, అడగకపోయినా, ఆదివారం తానే లైట్లు, పనిముట్లు తీసుకొని మోటారుసైకిలు మీద ఆ ఊరికి వెళ్లాడు.

అతడు చేరేసరికి పొద్దు గూకుతోంది; ఊళ్లో ఎక్కడా కరెంటు స్తంభం లేదు. దూలయ్య ఇంటి ముందు, పైన చిన్న సోలార్ పలక కట్టిన తాటాకుల పందిరి కింద జీపు నిలిచి ఉంది. తుడిచిన బానెట్ మీద దుమ్ము రేణువు లేదు. పుష్పలతతో పాటు పదిమంది పిల్లలు చుట్టూ మూగారు. కోటేషు లైట్లు బిగించి, డ్రైవరు సీటు కింద ఉన్న బ్యాటరీకి వైర్లు కలిపాడు.

"వీళ్లందర్నీ ఎక్కించుకొని ఒక చక్కర్ కొడదాం కాకా."

పుష్పలత చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

స్విచ్ నొక్కగానే తెల్లని వెలుగు వాకిట్లో పరుచుకుంది. దూలయ్య చెప్పినట్టే అతడు లైట్లను ఇంకొంచెం కిందికి వంచాడు. పుష్పలత ఆ వెలుగులో చాప పరిచి, లెక్కల పుస్తకం తెరిచి కూర్చుంది. మిగిలినవారూ వరుసగా కూర్చున్నారు.

"శివా, వెనుకకు అక్షరం కనపడుతున్నదా?" అని అడిగాడు దూలయ్య.

"దశాంశాల సుక్కలు గూడ కనపడుతున్నయి తాతా."

దొరికిన నాలుగు నిమిషాలనూ వృథా చేయని ఆ పిల్లలను చూసి కోటేషు మురిసిపోయాడు.

"ఈసారి అందరూ పాసే కాకా. ఇగ పిల్లల్ని జర లేవమను, బండి తీసి దారి మీద చూద్దాం."

దూలయ్య పిల్లల మీది నుండి చూపు తిప్పలేదు.

"తియ్యి మరి."

కోటేషు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఏ చప్పుడూ రాలేదు. మళ్లీ తిప్పాడు. తరువాత దిగి వచ్చి, చదువుకుంటున్న పిల్లలకు అడ్డం కాకుండా పక్కగా నిలబడి, బానెట్ పైకెత్తాడు.

లోపల ఇంజను లేదు.