అర ఆక్సిజన్

"ఆ అర చెరిపెయ్ సుభాషిణీ!"

బోర్డు మీద హైడ్రోజన్, దాని పక్కన అర ఆక్సిజన్, బాణం గుర్తుకు అవతల నీళ్ళు. పదో తరగతి సుభాషిణి సుద్దముక్క పట్టుకుని నిలబడిందే గానీ చెయ్యి కదపలేదు.

"రెండు పక్కలా సరిపోయింది గదా సార్."

"సరిపోతే చాలదు. సమీకరణంలో అరలూ పావులూ ఉండకూడదు. అణువును సగానికి కోసి ఎవరైనా ఇస్తారా? అన్నిటినీ రెండుతో హెచ్చించు."

అశోక్ సారుది కొడవలూరు. వరి పొలాల మధ్య నుంచి ఈ సముద్రపు ఒడ్డుకు బదిలీ మీద వచ్చి ఏడాదైంది. ఊరు ఆయనకు తెగ నచ్చింది. పెద్ద వల ఒడ్డుకు చేరినప్పుడల్లా ఆయన తలుపు గడియకు చేపల సంచి వేలాడుతుంది. ఎవరు పెట్టారో కూడా చెప్పుకోరు. పంతులంటే ఎంత మర్యాదో అని మురిసిపోతారాయన. ఈ పూట క్యారియర్లోనూ చేపల పులుసే.

"రేపు చిట్టమూరులో సైన్సు పోటీకి నీ పేరిచ్చాను. ఇట్లా మొండికేస్తే వినీలను పంపిస్తా."

"పంపించండి సార్. మా ఊళ్ళో అర ఉంది."

పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఎక్కడుంది?"

"వల కాడ. తాడు లాగిన మగోళ్ళకు నిండు వాటా. అదే తాడు లాగిన మా అమ్మకు అర వాటా. వినీల వాళ్ళమ్మకూ అంతే."

నవ్వులు ఆగిపోయాయి. మొదటి బెంచీలో వినీల తల దించుకుంది.

"కూర్చోవే," అని గొణిగింది.

"కూర్చోను. మా అమ్మ చేతులు సగమే బొబ్బలెక్కినాయా?"

అశోక్ సారుకు ఒళ్ళు మండింది, ఈసారి ఆ పిల్ల మీద కాదు.

"అన్యాయం! మీ పెద్దలతో నేను మాట్లాడతాను."

"అందరి ముందరా అన్నారు. మరిచిపోకండి సార్."

"ఎందుకు మరిచిపోతాను?" ఆయనే లేచి అర చెరిపేసి, హైడ్రోజన్ ముందు రెండు, నీళ్ళ ముందు రెండు వేశారు. "చూడు, ఎడమ పక్క ఉన్నదేదీ మాయం కాదు. కుడి పక్క ఎక్కడో తేలాల్సిందే. మరి మీ అమ్మలకు రావాల్సిన ఆ మిగతా సగం ఎక్కడ తేలుతోంది?"

సుభాషిణి సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"మీ తలుపు గడియకు సార్."