నలుగురి పైకప్పు

మోరాగ్ తాగుతున్న టీలో సున్నం పెళ్ళ పడింది.

తలెత్తి చూసింది. వంటింటి సీలింగ్ నీళ్ళు నిండిన తిత్తిలా ఉబ్బి వేలాడుతోంది.

ఇల్లు కొని ఇంకా ఏడాది తిరగలేదు. స్కాట్లండ్ రేవుపట్నం గ్రీనాక్‌లో సిటీబస్సు నడిపే మోరాగ్ ఇన్నాళ్ళూ కూడబెట్టిందంతా, దానిపైన బ్యాంకు అప్పూ, అన్నీ ఆ పాత రాతిమేడ పై అంతస్తులోనే ఉన్నాయి.

కప్పు మీదికెక్కి చూసివచ్చిన మేస్త్రీ డూగల్ చేతులు దులుపుకున్నాడు.

"అతుకులతో ఆగేది కాదమ్మా. కప్పు మీది రాతిపలకలన్నీ దింపాలి. కింద చెక్కంతా పుచ్చిపోయింది."

"ఎంతవుతుంది?"

అతను చెప్పిన అంకె విని మోరాగ్ కుర్చీలో కూలబడింది.

"నీ ఒక్కదాని నెత్తినే పడదులే. కప్పు నలుగురిదీ. కానీ నాలుగు వాటాలూ చేతికొస్తేనే పరంజా కడతాను. ఒక్కటి తగ్గినా రాను. ఇదివరకు దెబ్బతిన్నాను."

"ఎప్పట్లోగా?"

"చలిగాలులు మొదలవకముందే. ఆ తర్వాత ఈ సీలింగ్ నిలుస్తుందని నేను చెప్పలేను."

అంతస్తుకో ఇల్లు. మోరాగ్ ఒక్కో తలుపే కొట్టుకుంటూ దిగింది.

"ఇప్పుడే కారు కొన్నాం, ఇప్పుడే చెప్పాలా?" అని సణిగింది కిందింటి కిర్స్టీ. సణిగినా ఇస్తానంది. ఆ కిందింటాయన నాలుగు రోజులు కనపడకుండా తిరిగి, చివరికి దొరికిపోయి ఒప్పుకున్నాడు.

మిగిలింది నేలమీది ఇల్లు. అందులో గెడ్డెస్ ఉంటాడు. ఓడల కార్ఖానాలో పనిచేసి ఎప్పుడో రిటైరైన మనిషి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ఆ మేడలో పాత కాపురం ఆయనొక్కడిదే. తక్కినవాళ్ళంతా నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళే.

"వాటానా? నాదా?" అన్నాడాయన, తలుపు సగమే తెరిచి.

"అవునండీ. నలుగురం సమానంగా."

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు.

"కొంచెం టైమివ్వమ్మాయ్."

వానలు పట్టుకున్నాయి. బస్సు అద్దం మీద వైపర్ ఆడినప్పుడల్లా మోరాగ్ ఇంట్లో పెట్టొచ్చిన బకెట్లు ఎంత నిండాయో లెక్కేసుకునేది. దారి మీద కళ్ళున్నా మనసు సీలింగ్ మీదే. డ్యూటీ దిగగానే పరుగున వచ్చి, నిండిన బకెట్లు పారబోసి, మళ్ళీ పెట్టేది. గోడకి చెవి ఆనించి ఎక్కడ కారుతోందో వినేది.

ఓ సాయంత్రం ఓపిక నశించి గెడ్డెస్ తలుపు దబదబా బాదింది.

"ఏమాలోచించారు?"

"ఇంకొన్నాళ్ళు ఆగమ్మాయ్. ఒక జవాబు రావాలి."

"ఎవరి జవాబండీ? అందరూ ఒప్పుకున్నారు. మీరే అడ్డం!"

"అది కాదు..."

"మీకేం! మీ నెత్తిన మూడంతస్తులు గొడుగు పట్టాయి. తడిసేది నేను!"

ఆయన తలుపు అంచు పట్టుకున్నాడు.

"ఇవ్వడం ఇష్టం లేకపోతే అమ్ముకుని వెళ్ళిపోండి. లేదంటే కోర్టుకీడుస్తాను!"

ఆయన ముఖం ఎర్రబడింది. కోపమనుకుంది మోరాగ్. తలుపు మెల్లగా మూసుకుంది.

మర్నాడు ఆమె డ్యూటీలో ఉండగా పడకగది సీలింగ్ కూలింది.

నీళ్ళోడుతున్న పరుపును ఒక్కతే మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి, సగంలో చేతులు రాక, అక్కడే కూర్చుని ఏడ్చింది.

బయటినుంచి వస్తున్న గెడ్డెస్ ఆగాడు. చేతిలోని పాలసీసా కింద పెట్టి, మెట్లెక్కి వచ్చి, పరుపు రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని పెరట్లోకి మోశారు.

"పడుకునే చోటేనా పడింది?" ఆయాసపడుతూ అడిగాడు.

"ఆ. సరిగ్గా దిండు మీద."

ఆయన పరుపు వంక చాలాసేపు చూశాడు.

ఆ వారంలోనే మెట్లెక్కి పైకి వచ్చాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవడం మోరాగ్‌కి వినపడింది. కవరు అందించాడు.

"చూసుకో. వాటా మొత్తం ఉంది."

మోరాగ్ గుమ్మంలోనే నిలబడి లెక్కపెట్టుకుంది. లోపలికి రమ్మనలేదు.

"ఇదేదో మొదటే ఇచ్చుంటే నా పరుపు మిగిలేదిగా!"

"నిజమేనమ్మా," అని ఆయన దిగిపోయాడు.

పరంజా లేచింది. పలకలు దిగాయి, కొత్త చెక్క పడింది, పలకలు మళ్ళీ ఎక్కాయి. ఆ చలికాలం సముద్రం మీంచి ఎంత గాలి కొట్టినా, ఎంత వాన కురిసినా, లోపల ఒక్క చుక్క పడలేదు. బకెట్లు మెట్లకింద గూట్లోకి చేరాయి. మోరాగ్‌కి ఆకలి వేయడం మొదలైంది, నిద్ర పట్టడం మొదలైంది. దాంతోపాటే, తాను అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తురావడమూ మొదలైంది.

ఓ ఆదివారం వెన్న బిస్కెట్లు చేసి, డబ్బాలో పెట్టుకుని కిందికి దిగింది. ఎలా మొదలుపెట్టాలో మెట్టు మెట్టుకీ అనుకుంటూనే ఉంది.

గెడ్డెస్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల సామాను లేదు. మెడలో ఏదో ఆఫీసు కార్డు వేసుకున్న అమ్మాయి కిటికీలు కొలుస్తోంది.

"గెడ్డెస్ గారు లేరా?"

"మొన్ననే వెళ్ళిపోయారండీ."

"ఎక్కడికి?"

"చెప్పలేదు."

మోరాగ్ చేతిలో డబ్బా బరువెక్కింది.

"నేనే ఓసారి నోరుజారి అమ్ముకుపొమ్మన్నాను. ఆ మాట పట్టుకుని ఇల్లు అమ్మేశారా?"

ఆ అమ్మాయి టేపు చుట్టేసి, వింతగా చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"అమ్మడమేంటండీ? ఆయన మా ఆఫీసుకి ఎన్ని ఉత్తరాలు రాసినా కప్పుకి చిల్లిగవ్వ ఇవ్వనన్న ఓనరే, కొత్త కప్పు పడిందని అద్దె పెంచేశాడు. అంత కట్టలేక వెళ్ళిపోయారు, పాపం, ముప్పై ఏళ్ళుగా ఇందులో అద్దెకున్న మనిషి."