టౌన్‌హాలు మెట్ల మీద మరక

ఊళ్ళో అందరి ఇళ్ళలోలాగే మా ముందుగది తెరగోడ కూడా వారానికో పాత ఫొటో చూపిస్తుంది. ఈ వారం మా ఊరి టౌన్‌హాలు, ఉప్పు సత్యాగ్రహం రోజులది. సాయంత్రమైతే ఆనాటి ఎండ మా నేల మీద పడుతుంది. నేను అందులో కూర్చుని బట్టలు మడతపెడతాను.

"మెట్ల మీద మరక ఉంది. తీసేస్తే ఊళ్ళో అందరి గోడల మీదా పోతుంది. తియ్యనా?" అని గోడ అడిగింది.

నాకు మరకలు గిట్టవు. "తియ్యి" అనబోయాను.

"ఆగవే కౌముదీ!" అంటూ మా అత్తగారు వంటింట్లోంచి తడిచేత్తోనే వచ్చారు. "అది మా తాతమ్మే. అందరూ ఫొటోకి నిలబడితే, లాఠీలు వస్తున్నాయని కేకేస్తూ పరిగెత్తిందిట. కదలకుండా నిలబడ్డవాళ్ళు ఫొటోలో మనుషుల్లా పడ్డారు, పరిగెత్తిన ఈవిడ మరకలా పడింది."

"ముఖమే లేదు కదండీ అత్తయ్యగారూ!"

"ఆవిడకి ఇంకో ఫొటో ఉంటే కదటే!"

కుంకుమభరిణె తెచ్చారు. పోయినవాళ్ళ ఫొటోలకు మా ఇంట్లో పెట్టేదే. నుదురు ఎక్కడుంటుందో కాసేపు వెతికి, బొట్టు పెట్టారు.

మర్నాడు గోడ మళ్ళీ అడిగింది. "ఇప్పుడు రెండు మరకలున్నాయి. తియ్యనా?"

"వద్దు" అన్నాను. తడిగుడ్డతో గోడంతా తుడిచాను, ఆవిడ పరిగెత్తేంత చోటు వదిలి.